ఐసు పెట్టెలో నెత్తురు

గడ్డకట్టే గుణం తక్కువని ఆసుపత్రి తేల్చిన కృపమ్మ రక్తం, ఆమె ఊపిరితిత్తికి వెళ్లే నాళంలో బొటనవేలంత గడ్డగా దొరికింది.

శవపరీక్ష రిపోర్టులో ఆ మాటను డిటెక్టివ్ రజియా మళ్లీ ఒకసారి చదివి, కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఒకే మనిషి గురించి రెండు కాగితాలు. తెనాలిలో సిరల జబ్బులకు వైద్యం చేసే డాక్టర్ మోహనకృష్ణ ఇచ్చిన కాగితం, ఈమె రక్తం త్వరగా గడ్డకట్టదంటోంది. రెండోది, ఈమె గడ్డ అడ్డుపడే చనిపోయిందంటోంది. రెండూ నిజం కావడం కుదరదు. గడ్డ కళ్లెదుట కనిపించింది కాబట్టి, తప్పు మొదటి కాగితంలోనే ఉండాలి.

కృపమ్మది అడవులదీవి. కాళ్లలో సిరలు ఉబ్బి, పిక్కల మీద మానని పుండ్లు పడితే మోహనకృష్ణ దగ్గర ఆపరేషన్ చేయించుకుంది. ఇంటికి పంపేటప్పుడు రక్తం గడ్డకట్టకుండా రోజుకొక సూదిమందు చొప్పున పది రోజులకు రాశారు. మూడు పడ్డాయి. సోమవారం నుంచి ఆగిపోయాయి. శుక్రవారం పొద్దున ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తూ కుప్పకూలింది. పడని ఏడు సూదులూ ఊళ్లు తిరిగి ఇళ్ల దగ్గర మందు వేసే నర్సు జ్యోత్స్న సంచిలో దొరికాయి.

రజియాను పిలిపించింది కృపమ్మ తమ్ముడు జాన్ బాబు. చేపల వ్యాను నడుపుతాడు. పట్టుబట్టి శవపరీక్ష చేయించిందీ అతనే. అక్కను ఎవరు చంపారో తేల్చి చెబితే చాలన్నాడు. అంతకుమించి ఇంకేమీ అడగలేదు.

ఆసుపత్రివాళ్లు తమ తరఫున గుంటూరు నుంచి వినయ్ కుమార్‌ను దింపారు. ఒకప్పుడు బీమా కంపెనీలో రజియా కిందే విచారణ పని నేర్చుకున్నవాడు. పోలీసులు ఇంకా ఎవరి పేరూ రాసుకోలేదు. ఆ పేరు జ్యోత్స్నది కావాలని వినయ్ పట్టుదల. మంగళవారం సాయంత్రం ఐదింటికి ఆమె తెనాలి ఆసుపత్రికి వచ్చి తప్పు ఒప్పుకుంటూ సంతకం పెడితే ఉద్యోగం మాత్రమే పోతుంది. పెట్టకపోతే, మందు కాజేసి మనిషి ప్రాణం తీసిందని ఫిర్యాదు వెళ్తుంది.

మంగళవారం పొద్దున్నే రజియా రేపల్లెలో జ్యోత్స్న ఉండే అద్దె గదికి వెళ్లేసరికి, అక్కడున్న ఒకే ఒక్క కుర్చీలో వినయ్ కూర్చుని ఉన్నాడు.

"రా అక్కా. లేచేవాణ్ణే గానీ, నువ్వు ఎలాగూ ఎక్కువసేపు ఉండవు కదా," అన్నాడు.

"కూర్చో తమ్ముడూ. తిరిగే పని నాది, కూర్చునే పని నీది. కంపెనీలో ఉన్నప్పుడూ అంతేగా."

జ్యోత్స్న గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఇరవై ఆరేళ్లుంటాయి. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి. రజియా అడిగిన దానికల్లా తడుముకోకుండా జవాబు చెప్పింది. సోమవారం పొద్దున తను కృపమ్మ ఇంటికి వెళ్తుంటే దారిలో డాక్టర్ ఫోన్ చేశాడు. పరిశోధన కోసం తీసిన రక్తం రిపోర్టు వచ్చిందన్నాడు. ఆమె రక్తం అసలే పలచన, దాని మీద ఈ సూది కూడా వేస్తే ఆపరేషన్ చేసిన చోట రక్తం కారిపోతుంది, ఆపెయ్యి, మిగిలినవి తెనాలి వచ్చినప్పుడు తెచ్చివ్వు అన్నాడు. తను ఆపింది. మిగిలినవి సంచిలో పెట్టుకుంది.

"రాసివ్వమని అడగలేదా?" అంది రజియా.

"డాక్టర్ గారు నోటితో చెప్తే చేసేస్తామండి. రాసివ్వండి అంటే, నన్ను నమ్మవా అంటారు. ఆ మాట అనిపించుకున్నాక ఇంక అక్కడ ఉండనిస్తారాండి?"

వినయ్ నవ్వాడు. ఫోన్ వచ్చిన మాట నిజమేనని అతనూ ఒప్పుకున్నాడు. ఆసుపత్రి ఫోన్ల వివరాలన్నీ తెప్పించాడట. అయితే డాక్టర్ ఊళ్లో రోగుల క్షేమం కనుక్కోవడానికి చేశానంటున్నాడు, సూదులు ఆపమని అనలేదంటున్నాడు.

"కాజేసిన మందు ఎవరైనా వారం రోజులు సంచిలో వేసుకుని తిరుగుతారా? అమ్ముకోరూ?" అంది రజియా.

"బేరం కుదరలేదేమో."

"ఈ మాట మన పాత మేనేజర్ దగ్గర అనుంటే నిన్ను ఆ రోజే ఇంటికి పంపేవాడు."

వినయ్ ముఖం మాడ్చుకున్నాడు. కానీ వెంటనే అసలు చోట వేలు పెట్టాడు. రిపోర్టు చూసి డాక్టర్ సూదులు ఆపించాడనుకుందాం, ఆ రిపోర్టు తప్పెలా అవుతుంది? మెషీన్ కొత్తది. తెనాలి రోగుల రక్తం రోజూ దాని మీదే చూస్తున్నారు. వాళ్లకు తప్పు రాలేదు. కృపమ్మ ఒక్కదానికే ఎందుకొస్తుంది?

అది మంచి ప్రశ్నే. దానికి జవాబు రజియా దగ్గర అప్పటికి లేదు. అందుకే ఆమె వినయ్‌ని వదిలేసి జ్యోత్స్న వైపు తిరిగింది. కృపమ్మ చేతిలోంచి బయటికొచ్చిన రక్తం మెషీన్ దాకా ఎలా వెళ్లిందో, ఒక్క మెట్టు కూడా వదలకుండా చెప్పమంది.

జ్యోత్స్న చెప్పింది. సిరల జబ్బు ఉన్నవాళ్లలో ఏ జాతివాళ్ల రక్తం ఎలా గడ్డకడుతుందని డాక్టర్ రెండేళ్లుగా పరిశోధన చేస్తున్నాడు. సముద్రం ఒడ్డున ఉండే చేపలు పట్టే కుటుంబాలు ఒక గుంపు. తెనాలి ముస్లిం కుటుంబాలు రెండో గుంపు. తెనాలివాళ్లు ఆసుపత్రికే నడిచి వస్తారు, రక్తం అక్కడే తీస్తారు, నిమిషాల్లో మెషీన్ ఎక్కుతుంది. ఒడ్డు ఊళ్లలో రక్తం తీసేది జ్యోత్స్న. కృపమ్మకు ఆపరేషన్‌కు ముందే తీసింది. కొన్ని పోగయ్యాక కలిపి పరీక్షిస్తారు కనుక ఫలితం ఆపరేషన్ తర్వాత వచ్చింది.

"ఒడ్డు నుంచి తెనాలికి ఎవరు తీసుకెళ్తారు?"

"బస్సు కుదరదండి. చేపల వ్యాను రోజూ తెనాలి వెళ్తుంది కదా, దాంట్లో పంపిస్తాను. జాన్ బాబు గారి వ్యానండి."

వ్యానులో ఎక్కడ పెడతాడని అడిగితే తెలియదంది. పెట్టె అతని చేతికిచ్చి తను వేరే ఇళ్లకు వెళ్లిపోతుంది.

రజియా గుమ్మం వైపు తిరిగి, జ్యోత్స్నను తనతో తీసుకెళ్తున్నానంది. అమ్మాయి పారిపోతే బాధ్యత ఎవరిదని వినయ్ అడ్డం పడ్డాడు.

"నాది. సాయంత్రం ఐదింటికి తెనాలిలో నీ ముందుంటుంది. ఈలోపు ఆ కుర్చీ అరిగిపోకుండా చూసుకో."

అడవులదీవిలో చేపలు సర్దే షెడ్డు దగ్గర జాన్ బాబు వ్యానులోకి పెట్టెలు ఎక్కిస్తున్నాడు. రజియా అతన్ని పక్కకు పిలవలేదు. రక్తం పెట్టె ఎక్కడ పెడతావో చూపించమంది, అంతే. అతను వ్యాను ఎక్కి, వెనక భాగంలో విడిగా ఉన్న చిన్న తెల్లటి పెట్టె మూత తీశాడు. నిండా పొడి చేసిన ఐసు.

"ఇక్కడమ్మా. చేపల నీళ్లు తగలకుండా దీన్ని వేరే ఉంచాను. అడుగున ఐసు, పైన ఐసు, మధ్యలో నర్సమ్మ గారి పెట్టె. నెత్తురు కదండీ, వేడి తగిలితే పాడైపోద్ది. అక్క నెత్తురు తీసిన రోజైతే పాత ఐసు పారబోసి కొత్తది కొట్టించాను."

ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో కొంచెం గర్వం ఉంది. ఆ ఊళ్లో నీళ్లలోంచి పైకి వచ్చిన ఏదైనా ఐసులోకే పోతుంది, ఐసులో ఉన్నంతసేపే దానికి విలువ. అతనికి తెలిసిన అతి పెద్ద జాగ్రత్త అదే.

రజియా పెట్టెలో చెయ్యి పెట్టి చూసి తీసేసింది. తర్వాత డ్రైవర్ సీటు వెనక వేలాడుతున్న సంచి ఆమె కంట పడింది. లోపల దూది కుట్టిన మందపాటి సంచి. కొత్తది. చేప వాసన ఇంకా పట్టలేదు. దాని మీద ఆసుపత్రి పేరుంది. అదేంటని అడిగింది.

"ఆసుపత్రోళ్లు పంపారమ్మా. డాక్టర్ గారు ఫోన్ చేసి, ఇంక ఐసు పెట్టకు, సంచి పంపిస్తాను, అందులో పెట్టి తీసుకురా అన్నారు. ఐసు లేకపోతే ఎట్టాగండీ అంటే కసురుకున్నారు."

"ఫోన్ ఎప్పుడు చేశారు?"

"బుధవారం."

"ఏ బుధవారం, జాన్ బాబూ?"

"పోయిన వారం. అక్క అప్పటికి ఉందమ్మా."

అతను మళ్లీ పెట్టెలు ఎక్కించడానికి వంగాడు. తను చెప్పిన మాట ఎంత బరువైనదో అతనికి తెలియలేదు. రజియా అప్పుడే చెప్పదలచుకోలేదు. ముందు చేతిలో రుజువు ఉండాలి.

ఆమె చీర కొంగు సర్దుకుని షెడ్డు గట్టు మీద కూర్చుని, ఎడమ చెయ్యి జ్యోత్స్న ముందు చాపింది. రెండు గొట్టాల రక్తం తియ్యమంది. పరిశోధనకు వాడే నీలం మూత గొట్టాలే, అదే కొలత. ఒకటి ఐసు పెట్టెలో పెట్టించింది. రెండోది దూది సంచిలో పెట్టించింది. తర్వాత ముగ్గురూ వ్యాను ఎక్కి బాపట్ల బయల్దేరారు.

బాపట్లలో రక్తపరీక్షల ల్యాబు నడిపే డాక్టర్ చంద్రకళ రజియాకు పాత కేసుల నుంచీ పరిచయం. వ్యాను మామూలుగా తెనాలి చేరడానికి పట్టేంతసేపు రెండు గొట్టాలనూ అలాగే ఉంచి, అప్పుడు మెషీన్ మీద పెట్టింది. ఈలోపు రజియా ఆమెను అడగాల్సినవన్నీ అడిగింది.

జాతిని బట్టి రక్తం గడ్డకట్టే తీరులో తేడాలుండటం అబద్ధమేమీ కాదంది చంద్రకళ. ఫ్యాక్టర్ ఎయిట్ అని రక్తంలో ఒక పదార్థం ఉంటుంది. అది ఎక్కువుంటే గడ్డలు తొందరగా కడతాయి, మరీ తగ్గితే రక్తం ఆగదు. కొన్ని జాతుల్లో అది ఎక్కువ, కొన్నిటిలో తక్కువ. రక్తం గ్రూపును బట్టి కూడా మారుతుంది. అందుకే ఇలాంటి పరిశోధనలు చేయడం తప్పు కాదు. కానీ తీసిన రక్తాన్ని అలాగే గంటల తరబడి ఐసులో ఉంచితే మనిషి ఒంట్లో తగ్గని ఫ్యాక్టర్ ఎయిట్ గొట్టంలో తగ్గిపోతుంది. మామూలు గది వేడిలోనే తీసుకురావాలి. ఈ పని చేసే డాక్టర్లందరికీ తెలిసిన సంగతే అది.

మధ్యాహ్నం దాటాక ఆమె రెండు కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. రెండింటినీ పక్కపక్కన జరిపింది.

తెనాలి దారిలో, చేపల ఆర్డర్లన్నీ వేరే వ్యానుకు అప్పగించిన జాన్ బాబు తన వ్యాను నడుపుతున్నాడు. రజియా అతనికి చెప్పక తప్పలేదు. ఐసు వల్ల రిపోర్టు తప్పు వచ్చిందని, ఆ రిపోర్టు చూసే సూదులు ఆపారని చెప్పింది. అతను వ్యాను పక్కకు తీసి ఆపేశాడు. స్టీరింగు మీద రెండు చేతులూ అలాగే ఉండిపోయాయి.

"అయితే నేనేనామ్మా?" అన్నాడు.

"కాదు. నీ ఐసు వల్ల ఒక కాగితం తప్పైంది, అంతవరకే. ఆ తప్పు సంగతి ఒక మనిషికి బుధవారమే తెలిసింది. మీ అక్క పోయింది శుక్రవారం. మధ్యలో గురువారం మొత్తం ఉంది జాన్ బాబూ."

వెనక కూర్చున్న జ్యోత్స్న ముఖం చేతుల్లో దాచుకుంది. జాన్ బాబు బండి స్టార్ట్ చేశాడు.

ఐదు కావడానికి ఇంకా కొంచెం టైముండగానే వాళ్లు ఆసుపత్రిలో డాక్టర్ గదికి చేరారు. మోహనకృష్ణకు యాభై ఐదేళ్లుంటాయి. గొంతు పెంచి మాట్లాడని మనిషి. వచ్చే వారం హైదరాబాదులో జరిగే డాక్టర్ల సభలో తన పరిశోధన గురించి మాట్లాడబోతున్నాడు. అతని పక్కన వినయ్, బల్ల మీద జ్యోత్స్న సంతకానికి సిద్ధం చేసిన కాగితం.

"పెన్ను ఇదిగో అమ్మాయ్," అన్నాడు వినయ్.

"ఒక్క నిమిషం. డాక్టర్ గారితో నాకో చిన్న పనుంది," అంటూ రజియా రెండు రిపోర్టులు, పేర్లు కనపడకుండా మడిచి, మోహనకృష్ణ ముందు పెట్టింది. ఇవి చూసి ఎవరిది ఏ జాతో చెప్పగలరా అని మర్యాదగా అడిగింది.

డాక్టర్ కళ్లజోడు సర్దుకున్నాడు. తన సబ్జెక్టు కదా, ముఖంలో వెలుగొచ్చింది. "ఇది తెనాలి గుంపు. మీ వాళ్లలో ఇలాగే ఉంటుందమ్మా, గట్టి రక్తం. ఇదేమో ఒడ్డువాళ్లది. చూడండి, సగం కూడా లేదు. నా పరిశోధన సారమంతా ఈ రెండు కాగితాల్లో ఉంది."

"రెండూ నావేనండి," అంది రజియా. మడతలు విప్పింది. "ఇవాళ పొద్దున ఒకే చేతి నుంచి తీసినవి. ఒకటి సంచిలో వచ్చింది, ఒకటి ఐసులో వచ్చింది. పుట్టింది తెనాలిలో. మధ్యాహ్నానికి నా నెత్తురు అడవులదీవిదైపోయింది."

వినయ్ ముందుకు వంగి రెండు కాగితాల మీదా పేరు చదివాడు. మళ్లీ చదివాడు.

మోహనకృష్ణ త్వరగానే తేరుకున్నాడు. అలా జరిగి ఉంటే అది రవాణాలో తప్పని, తనకు తెలిసే అవకాశం లేదని, పరిశోధనను వెనక్కి తీసుకుంటానని చెప్పాడు. అయినా దానికీ సూదులకూ సంబంధం లేదన్నాడు. ఆపమని తను చెప్పలేదు.

రజియా దూది సంచి తీసి బల్ల మీద పెట్టింది. తెలిసే అవకాశం లేనివారు ఇది ఎందుకు పంపారని అడిగింది. మామూలు జాగ్రత్త అన్నాడతను. ఎప్పుడు పంపారంటే గుర్తు లేదన్నాడు.

గుమ్మంలోంచి జాన్ బాబు అన్నాడు: "బుధవారం మీరు ఫోన్ చేశారు కదండీ. గురువారం సంచి వచ్చింది."

వినయ్ జేబులోంచి ఫోన్ తీసి, ఆసుపత్రివాళ్లు ఇచ్చిన వివరాల్లో వెతికాడు. వేలు ఒకచోట ఆగింది.

"ఉంది. బుధవారం మధ్యాహ్నం. నాలుగు నిమిషాలు," అన్నాడు. ఫోన్ బల్ల మీద పెట్టి, "చూశానక్కా. చేపల కోసం చేశారనుకున్నాను," అన్నాడు.

ఈసారి రజియా అతన్ని ఎగతాళి చేయలేదు. లెక్క సులువైనదే అంది. సూదులు ఆపమని చెప్పి ఉండకపోతే బుధవారం డాక్టర్‌కు దాచుకోవాల్సిన అవసరమేముంది? ఐసు వల్ల ఫలితాలు చెడిపోయాయని అందరికీ చెప్పేసేవాడు. చెప్పలేదు. గుట్టుగా సంచి మార్చాడు. ఎందుకంటే ఆ ఫలితాన్ని నమ్మి అప్పటికే ఒక పని చేశాడు.

వినయ్ జ్యోత్స్న ముందున్న కాగితాన్ని వెనక్కి లాక్కుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. తర్వాత లేచి తన కుర్చీ ఆమె వైపు జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"ఐసు వద్దని చెప్పడానికి అర నిమిషం చాలు డాక్టర్ గారూ. మిగతా మూడున్నర నిమిషాలు మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారు?" అంది రజియా.

మోహనకృష్ణ గుమ్మంలో నిలబడ్డ జాన్ బాబును చూశాడు. జాన్ బాబు ముఖం పాలిపోతోంది, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు. అది చూశాక డాక్టర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"జ్యోత్స్న చెప్పింది నిజం. సోమవారం ఆపమంది నేనే. ఆ రోజు నేను రిపోర్టును నమ్మాను, ఆవిడ మంచికే ఆపాను. బుధవారం ల్యాబ్ అసిస్టెంట్ సెలవు. పెట్టె నేనే తెరిచాను. గొట్టాలు చేతికి జివ్వుమన్నాయి. పెట్టె అడుగున చేప పొలుసు అంటుకుని ఉంది. రెండేళ్లుగా ఒడ్డు రక్తమంతా ఇలాగే వచ్చిందని నాకు అక్కడికక్కడే తెలిసిపోయింది. ఇతనికి ఫోన్ చేశాను. ఆ తర్వాత జ్యోత్స్నకు చేసి, సూదులు మళ్లీ మొదలుపెట్టమని చెప్పాలి. చెబితే ఎందుకని అడుగుతుంది. హైదరాబాదు సభ అయ్యేదాకా ఆ ఎందుకు బయటికి రాకూడదనుకున్నాను. ఆవిడకేం కాదులే అనుకున్నాను. ఫోన్లో ఆవిడ గురించి నేను అడగను కూడా లేదు. ఇతనే చెప్పాడు. అక్కకు నిన్నట్నుంచీ ఎడమ పిక్క పట్టేస్తోందండి, వాచింది కూడా, తీసుకు రమ్మంటారా అన్నాడు. ముప్పై ఏళ్లుగా నేను చూసే జబ్బే అది. లోపల గడ్డ కట్టిందని నాకు ఆ మాటతోనే తెలిసింది. తీసుకొస్తే స్కాన్ చేయాలి. చేస్తే గడ్డ కనపడుతుంది. గడ్డ కట్టని రక్తమని రాసింది నేనే. అక్కర్లేదు, నడిస్తే తగ్గిపోతుంది అని చెప్పాను. ఇతను నాకు థాంక్స్ చెప్పి పెట్టేశాడు."